సద్దు లేని టీవీ

టీవీ కొనబోయి, "వీటిల్లో అన్నిటికన్నా తక్కువ సద్దు చేసేది ఏదయ్యా?" అని అడిగిన మనిషి టీవీల అంగళ్లకు పేరుబడ్డ రిచీ స్ట్రీటు పుట్టినప్పటి నుంచీ మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. అంగళ్లలో మేం మాట్లాడేది అరవమే గానీ అమ్మ మాటలు నాకెప్పుడూ తెలుగులోనే గుర్తుంటాయి. సేల్స్‌మ్యాన్ అప్పటిదాకా ఒక పెద్ద పెట్టె సౌండు పెంచుతూ, దానికి రెండు పక్కలా ఉన్న స్పీకర్లు తట్టి చూపిస్తూ, మా గుండెలు అదురుతుంటే గర్వంగా నవ్వుతున్నాడు. అమ్మ అడిగింది తనకు సరిగ్గా వినిపించలేదనుకుని సౌండు తగ్గించాడు. అమ్మ మళ్లీ అదే అడిగింది. ఆయన మా అన్న వంక చూశాడు. అన్న నా వంక చూశాడు. నేను పక్కనున్న మిక్సీల వంక చూశాను.

అమ్మకేం పిచ్చి లేదు. మా ఇంటి సంగతి తెలిస్తే ఎవరైనా అదే అడుగుతారు. మాది వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వెనకాల వరసిళ్లలో ఒక ఇల్లు. ముందొక గది, లోపలొక గది, మధ్యలో తలుపు లేదు, అమ్మ పాత చీరతో కుట్టిన తెర ఒకటి ఉండేది. నాయన యార్డులో షంటింగ్ పనికి పోయేవాడు. ఇంజను ఒక్కో పెట్టెనూ తోసుకొస్తుంటే మధ్యలో నిలబడి జతచేయించే పని. నైట్ డ్యూటీలే ఎక్కువ. మేం బడికి బయల్దేరే వేళకు ఆయన ఇంటికొచ్చేవాడు. స్నానం చేసి, ఇంత అన్నం తిని, లోపలి గదిలో చాప పరుచుకుని పడుకుంటే మళ్లీ సాయంత్రమే లేవడం.

ఆ పగటి నిద్ర మా ఇంట్లో చిన్న విషయం కాదు. నాయనతో పనిచేసే ఒకాయన నిద్రమత్తులో కాలు తప్పి పట్టాల పక్కన పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ చాలా కాలం మంచం దిగలేదు. ఆయన్ని చూసొచ్చిన రోజు నుంచీ అమ్మకు నాయన నిద్రే లోకమైపోయింది. డ్యూటీకి పోయేముందు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, వెలుతురుకు మొహం తిప్పి కళ్లు చూసేది. తెల్లగా ఉంటే టిఫిన్ క్యారియర్ చేతికిచ్చేది. కాస్త ఎర్రగా కనిపించినా ఆ రాత్రంతా ఆమెకు నిద్ర ఉండేది కాదు.

ఇలాంటి ఇంట్లోకి టీవీ ఎలా వస్తుంది? పక్కింట్లోకి వచ్చింది. ఆ పక్కింటాయనకూ షిఫ్టు పనే. కేబుల్ కనెక్షన్ పెట్టించిన నెల తిరక్కుండానే ఆయన నిద్ర చెడి, పెళ్లాంతో తగువు పడి, టీవీని దుప్పటిలో మూటగట్టి అటక మీదికి ఎక్కించాడు. అమ్మ అది కళ్లారా చూసింది. టీవీ, పగటి నిద్ర ఒక ఇంట్లో పొసగవని ఆమె తీర్మానించుకుంది.

అలాగని ఆమెకు టీవీ మీద ఆశ లేదా అంటే, ఉండేది. మధ్యాహ్నం పని ముగించుకుని వీధి చివరింటి కిటికీ దగ్గర నిలబడి సినిమా చూసి వచ్చేది. ఎప్పుడూ సగం సినిమానే. మిగతా సగం మాకు తనే అల్లి చెప్పేది. అది నాయన చెవిన పడిందేమో, దసరాకు బోనసు వచ్చినప్పుడు ఆయనే అన్నాడు.

"ఈ తూరి టీవీ తెచ్చుకుందామే."

"నీ నిద్రో?"

"నాకేమి? నేను పండుకుంటా. మీరు చూసుకోండి."

అమ్మ ఒక్క మాట కూడా నమ్మలేదు. నాయన డ్యూటీకి పోయాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఆయన మనకోసరం అంటాండాడు. కష్టమైతే నోరు తెరిచి చెప్పే మనిషా? టీవీ వస్తాది. దాని సద్దు మాత్రం తెర దాటి లోపలికి పోకూడదు. అట్టాంటిది దొరికితేనే కొనేది."

ఇక మా ఇంట్లో ఎన్నిక మొదలైంది. ఒక్కొక్కరికి ఒక్కో పట్టుదల. అన్నకు క్రికెట్ కోసం పెద్ద తెర కావాలి, రిమోట్ కావాలి. మా అవ్వకు, అంటే నాయన వాళ్లమ్మకు, బీరువా మాదిరి తలుపులూ తాళమూ ఉన్న చెక్కపెట్టె టీవీ కావాలి. అది పైగా సౌకార్‌పేటలోనే కొనాలి, ఎందుకంటే ఇంట్లో అండాల దగ్గర్నుంచి గరిటెల దాకా అన్నీ అక్కడివే. నాకు రంగులు కావాలి. చచ్చినా బ్లాక్ అండ్ వైట్ వద్దని నేను అన్నం మానేశాను. ఒక పూటే మానేశానని మా అన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నా పట్టు నెగ్గింది కాబట్టి పూట లెక్క నాకు అనవసరం.

ముందు అవ్వ మాట మన్నించి సౌకార్‌పేటకే పోయాం. అక్కడి అంగడాయన టీవీ ఆన్ చేసి చూపించనన్నాడు. అట్టపెట్టె విప్పితే కొనాల్సిందేనట. "సద్దు వినకుండా సద్దు లేని టీవీని ఎట్ట కొనేది?" అని అమ్మ లేచి బయటికొచ్చేసింది. అవ్వ మాత్రం వెనకబడి, అట్టపెట్టెను కుండను తట్టినట్టు రెండు వైపులా తట్టి, "గట్టిదే" అని తీర్పు చెప్పి మా వెనక వచ్చింది.

అలా తేలాం రిచీ స్ట్రీటులో. తక్కువ సద్దు టీవీ ఏదని అమ్మ రెండోసారి అడిగాక సేల్స్‌మ్యాన్ అన్ని టీవీలకూ సౌండు తగ్గించుకోవచ్చమ్మా అని ఓపిగ్గా చెప్పాడు. తగ్గించి చూపించమంది. తగ్గించాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. అంగడి వెనక స్టాకు పెట్టుకునే గది ఉంది, దానికి పలచటి చెక్క అడ్డం. అమ్మ అన్నను పిలిచింది.

"నువ్వు మీ నాయన అనుకో. పోయి ఆ చెక్క అవతల కళ్లు మూసుకోని నిలబడు. వినిపిస్తే చెప్పు."

అన్నకు అప్పటికి నూనూగు మీసాలు. అంగడి నిండా జనం. అయినా పోయి నిలబడ్డాడు, టీవీ మీద ఆశ అలాంటిది. అమ్మ ఒక్కో సెట్టునూ ఆన్ చేయించడం, సౌండు అట్టడుగుకు దించడం, అవతలి నుంచి అన్న "వినపడతాండాది!" అని అరవడం. రేడియో కొనడానికొచ్చిన వాళ్లు కూడా తమ బేరం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. ఒక ముసలాయన అన్న దగ్గరికే పోయి తనూ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "నాకు వినపడలేదే" అన్నాడు. "నీకు ఇంజను కూత కూడా వినపడదులే" అని అవ్వ కొట్టిపారేసింది. నాకు సిగ్గుతో చావాలనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నం కంటే మంచి సినిమా నేను చూడలేదేమో అనిపిస్తుంది.

చివరికి సేల్స్‌మ్యాన్ ఓపిక నశించి కింది అరలోంచి ఒక చిన్న కలర్ టీవీ తీసి పైన పెట్టాడు. జేబు రుమాలు విదిల్చినట్టు సన్నటి వైరొకటి విదిల్చి, దాని కొసను టీవీ పక్కనున్న చిన్న రంధ్రంలో గుచ్చాడు. సౌండు పుటుక్కున ఆగిపోయింది. బొమ్మ కదులుతోంది, మాట లేదు. రెండో కొసనున్న బుడిపెను అమ్మ చేతికిచ్చి చెవిలో పెట్టుకోమన్నాడు.

అమ్మ మొహం అప్పుడు చూడాల్సింది. కళ్లు ఇంతయ్యాయి. "అబ్బా, ఎంత బాగుండాదో!" అని గొంతెత్తి అరిచింది. చెవిలో మోత ఉంటే తన గొంతు తనకు తెలియదు కదా. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. చెక్క అవతల నుంచి అన్న అడిగాడు, "అమ్మా, టీవీ వినపడలేదు, నువ్వు వినపడతాండావు. ఇప్పుడు నేనేం చెప్పేది?"

అదే కొన్నాం. తెర చిన్నది, రిమోట్ లేదు, తలుపులు లేవు. అన్న దారంతా మూతి ముడుచుకున్నాడు. అవ్వ తాళం లేని టీవీని దొంగ ఎత్తుకుపోతాడని ఆటోలో దాన్ని కావలించుకుని కూర్చుంది. అమ్మ మాత్రం అంగడాయనతో అతుకు వేయించుకున్న పొడుగాటి వైరును చుట్టలు చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మేం టీవీ కొన్నాం, ఆమె ఆ వైరు కొన్నది.

దసరా సెలవులు. మర్నాడు మధ్యాహ్నం నాయన లోపల పడుకున్నాక ముందుగదిలో మా సినిమాహాలు మొదలైంది. వైరు ఒక్కటే, చెవి బుడిపె ఒక్కటే, అది అమ్మది. మిగతా ముగ్గురం నోళ్లు కదిలే బొమ్మల్ని చూస్తుంటే ఆమె కథ గుసగుసగా చెప్పేది. ఈ చెప్పడంలో ఆమె చేసిన అన్యాయాలు ఇన్నీ అన్నీ కావు. హీరో వాన పడుతుంటే చెయ్యెత్తి బోలెడంతసేపు మాట్లాడేవాడు. "వస్తానంటాండాడు" అనేది అమ్మ.

"అంతసేపు మాట్లాడినాడు, నువ్వు ఒక మాటే చెప్తావేంది?" అని అవ్వ.

"మిగిలింది మనకు అక్కర్లేదు అత్తా."

హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుని చెవి దగ్గర ఏదో చెబితే, ఏమన్నాడమ్మా అని నేను అడిగేదాన్ని. "బాగా చదువుకోమంటాండాడు" అనేది, తెర మీంచి చూపు తిప్పకుండా. ఆ పిల్ల అంత సిగ్గుపడేది చదువుకోమన్నందుకా అని నేను వాదించబోతే, గమ్మునుండమని నోటి మీద వేలు పెట్టేది. పాటలొస్తే ఇంకా ఘోరం. ఆమె ఒక్కతే తల ఊపుతూ ఉంటే మేం ముగ్గురం చెంపలకు చేతులు పెట్టుకుని ఆమె తలనే చూసేవాళ్లం. తాళం ఆమె తలలోంచే తీసుకోవాలి. అయినా ఎంత సంతోషంగా ఉండేదో! నవ్వొచ్చినప్పుడు అందరం కొంగులూ దిండ్లూ నోట్లో కుక్కుకుని ఊగిపోయేవాళ్లం. అలా బిగబట్టిన నవ్వు నవ్విన నవ్వు కంటే రెట్టింపు ఉంటుందని నాకప్పుడు తెలిసింది.

టీవీ తెచ్చిన తర్వాత అమ్మ జాగ్రత్త మరీ ముదిరింది. టీవీ పెట్టినందుకు ఆయన నిద్ర చెడిందని రేపెవరైనా అంటే? అందుకని మిగతా సద్దులన్నిటినీ కూడా ఇంట్లోంచి తరిమేసింది. కుక్కరు మానేసి గిన్నెలోనే అన్నం వండింది. రోట్లో రుబ్బడం సాయంత్రానికి మార్చింది. వాకిట్లో చేతిపంపు కొట్టే ఆడవాళ్లను బతిమాలి మధ్యాహ్నం నీళ్లు పట్టనీయకుండా చేసింది. అన్నిటికన్నా పెద్ద వింత అవ్వది. ఆమె మామూలుగా మాట్లాడితే నాలుగిళ్లకు వినిపించేది. ఆమె కూడా టీవీ కోసం గుసగుసలు నేర్చుకుంది. మా ఇల్లంతా ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకోవడం, మునివేళ్ల మీద నడవడం, చేతులతో సైగలు. సెలవులు అయిపోయి బడులు తెరిచాక కూడా మధ్యాహ్నాలు ఇల్లు అలాగే ఉండేది.

అంతా బాగానే ఉంది. నాయన కళ్లే ఎర్రబడసాగాయి.

మొదట్లో దుమ్ము పడిందన్నాడు. తర్వాత ఎండ అన్నాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీశాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ రోజు గుమ్మంలో మొహం తిప్పి చూసి ఆమె క్యారియర్ ఇవ్వకుండా నిలబడింది. ఈ రోజుకు సెలవు పెట్టమంది. ఏం లేదులే అని ఆయనే లాక్కుని పోయాడు. తెల్లవారి ఆయన చెప్పుల సద్దు వినిపించేదాకా ఆమె గుమ్మం వదల్లేదు.

టీవీ వెలుగు తెరలోంచి లోపలికి పడుతోందేమోనని తెరకు కంబళి కలిపి కుట్టింది. ఎరుపు తగ్గలేదు. ఇంకా మెల్లగా మాట్లాడమని మమ్మల్ని గద్దించింది. ఎరుపు పెరిగింది. ఇక ఆమె ఆలోచించలేదు.

"ఆదివారం నా చెల్లెలు వస్తాది. టీవీని ఎన్నూరులో వాళ్లింటికి తీసుకోని పోనీ. ఆడ అందురూ పగలు పనికి పోయి రాత్రి పండుకునేవాళ్లే."

నేను ఏడ్చాను. అన్న గోడకేసి తిరిగి కూర్చున్నాడు. అవ్వ, "ఇంకొంచెం చూద్దాం లేమ్మా" అంది.

"టీవీ మళ్లీ కొనొచ్చు అత్తా. ఆయన్ని ఏ అంగట్లో కొనేది?" అంది అమ్మ. ఆమెకు ఆ పెట్టె మీద ఎంత ప్రేమో మాకు తెలుసు, అందుకే ఇంకా బాధేసింది.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని వచ్చేలోగా చివరిసారి అని సినిమా పెట్టింది. ఆ రోజు కథ చెప్పే ఉత్సాహం కూడా ఆమెకు లేదు. హీరో కొడుతున్నాడు, విలన్లు పడుతున్నారు, మేం శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాం. అవ్వ మంచినీళ్లకని చెంబు తీసుకుని లేచింది. కాలికి వైరు తగులుకుంది. టీవీ పక్కనున్న కొస ఊడి వచ్చింది.

చెవిలో ఎంత సౌండు పెట్టుకుందో ఏమో అమ్మ, గదిలో మేళం మొదలైంది. గుద్దులు, అద్దాలు పగలడం, విలన్ కేక. అవ్వ చేతిలోని చెంబు దొర్లింది. "అయ్యో, నేనేం చేసినానే!" అని అవ్వ తన పాత గొంతుతో, నాలుగిళ్ల గొంతుతో అరిచింది. అమ్మ టీవీ మీద పడి సౌండు బటన్ వెతుకుతూ, కంగారులో చానల్ మార్చేసింది. ఈసారి నాదస్వరం. అన్నకు నవ్వాగక నేల మీద దొర్లాడు. చివరికి ఎలాగో స్విచ్చే ఆపేశాం. ఇల్లు మళ్లీ సద్దుమణిగింది.

లోపల్నుంచి నాయన గొంతు వచ్చింది. "ఎందుకాపినారే? ఉండనీ."

అమ్మ తెర తీసుకుని లోపలికి పరుగెత్తింది, ఆమె వెనక మేమూ. ఆయన చాప మీద కూర్చుని ఉన్నాడు.

"నిద్ర లేపేసినాము గదయ్యా!" అమ్మకు ఏడుపొచ్చేసింది.

"నిద్రపోయింటే గదా లేపేది." ఆయన చాప అంచు గోకుతూ మెల్లగా చెప్పాడు. "యార్డులో ఇంజను కొట్టుకుంటా, పెట్టెలు గుద్దుకుంటా ఉన్నంతసేపూ మాకు ధైర్యమే. ఉన్నట్టుండి గమ్మునైపోతే, ఎవురికో ఏమో అయిందని పరిగెత్తుతాం. ఇంట్లో కూడా అంతే. మా నాయన పోయేముందర ఈ గదిలో అందురూ ఇట్టనే గుసగుసలు. ఇన్నాళ్లుగా నేను పండుకుంటానే మీరు గొంతులు దించేస్తాండారు. అమ్మకేమన్నా జబ్బా, బిడ్డకేమన్నా అయిందా, నాకు తెలీకుండా దాస్తాండారా అని చెవి ఆడనే పెట్టుకోని ఉంటా. ఇంక నిద్ర యాడొస్తాది?"

"టీవీ కోసరమని తెలుసు గదా!"

"తెలుసు. మెలుకువగా ఉన్నప్పుడు తెలుసు. కళ్లు మూసుకుంటే తెలీదు."

"ఒక్క మాట అడగొచ్చు గదయ్యా ఏమైందని!"

"అడిగితే చెప్పేస్తారేమోనని భయం" అన్నాడు నాయన.

పెళ్లాన్నీ పిల్లల్నీ ఎప్పుడూ గదమాయించని మనిషి, ఇనప పెట్టెల మధ్య నిలబడే మనిషి, మా గుసగుసలకు భయపడి కళ్లు మూసుకోకుండా పడి ఉన్నాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది, కావలించుకున్నాను. అవ్వ గుమ్మంలోంచే అంది, "నాకేమిరా జబ్బు? రాయి మాదిరి ఉండాను! పండుకో!" అది పక్కిల్లు దాటి వీధి చివరికి వినిపించి ఉంటుంది. నాయన నవ్వి, చేతిని తల కింద పెట్టుకుని వెనక్కి వాలాడు.

అమ్మ ముందుగదిలోకి వచ్చి టీవీ పెట్టింది. వైరు గుచ్చలేదు. హీరో గొంతు ఎలా ఉంటుందో నేను వినడం అదే మొదటిసారి. అమ్మ చెప్పినంత బాగా మాట్లాడడం లేదనిపించింది. పిన్ని వచ్చింది, టీవీ మోత మధ్య ఆమెకూ అమ్మకూ కబుర్లు, అవ్వ వక్కలు దంచడం, వాకిట్లో పంపు మోత, వెనక యార్డులో పెట్టెల గుద్దులు. ఎవరూ ఎవరి గొంతూ తగ్గించుకోలేదు. పిన్ని వట్టి చేతులతోనే బస్సెక్కింది.

డ్యూటీ వేళవుతోందని అమ్మ లోపలికి పోయి నాయన్ని పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కుదిపింది. అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ తెర పక్కకు లాగి మమ్మల్ని కేకేసింది. నవ్వుతోంది, కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"రండిరా, వచ్చి చూడండి! ఎంత లేపినా మీ నాయన లేస్తేగదా!"